నీళ్ళపైన రెండు బారల ఎరుపు

తాళ్ళ గోదాము పైగది,
మే నెల, మూడో వారం.

బావగారికి,

ఇక్కడ అక్క బాగుంది. నేను అక్క చేతిలో ఉన్నాను, కాబట్టి నా సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఉత్తరం మాత్రం క్షేమసమాచారాల కోసం రాస్తున్నది కాదు. మన కొంప మునిగేలా ఉంది. మీరు మా కంపెనీ పెద్ద హాల్లో ఎప్పుడూ అడుగు పెట్టలేదు కనుక మొదటి నుంచీ చెబుతాను. ఈ ఇరవై రెండేళ్ళలో కంపెనీ ఓడలు పదకొండింటికి నేను బొమ్మలు వేశాను. అన్నీ ఆ హాలు గోడలకే ఉన్నాయి. సరుకు పంపాలని వచ్చే షావుకార్లు అక్కడే కూర్చుంటారు. మా గుమాస్తా వాళ్ళకి గోడ చూపించి, "చూశారుగా, మా ఓడలన్నీ ఎలా నిండిపోయి తిరుగుతున్నాయో!" అంటాడు. ఆ మాట వింటే యజమాని గారికి కడుపు నిండిపోతుంది. ఆయన లెక్కలో పొగ అంటే వ్యాపారం. ఒక్కో బొమ్మకీ "ఇంకొంచెం పొగ వెయ్యవయ్యా" అంటూ వచ్చారు. పదకొండో బొమ్మలో ఓడకంటే పొగే ఎక్కువ. కిందటేడు ఒక షావుకారు దాని ముందు నిలబడి టోపీ తీసి, "పాపం, ఎంతమంది పోయారు?" అని అడిగాడు.

ఇప్పుడు యజమాని గారి మేనల్లుడు ఎక్కడో చదువుకుని కెమెరాతో దిగాడు. వచ్చిన రోజే, "ఈ కాలంలో కూడా బొమ్మలేంటి మావయ్యా? క్షణంలో అయిపోయే పనికి ఆయనకి రెండు గదులిచ్చి కూర్చోబెట్టడమేంటి?" అన్నాడు. ఆ రెండు గదులూ అంటే మనవే, తాళ్ళ గోదాము మీదవి. ఫొటోలు కడగడానికి చీకటి గది కావాలట. పైకొచ్చి మన వంటగది చూసి, "ఇది చాలా బాగుంది, పట్టపగలు కూడా ఏమీ కనపడట్లేదు" అని మెచ్చుకుని వెళ్ళాడు. అక్క ఆ మెచ్చుకోలు ఇంకా మర్చిపోలేదు.

యజమాని గారు నాకు ఒక్క అవకాశం ఇచ్చారు. సెప్టెంబరు ఆఖరున వార్షిక సమావేశం. అప్పటికి మీ ఓడ బొమ్మ, పన్నెండోది, తయారు కావాలి. అది చూసి వచ్చినవాళ్ళు మెచ్చుకుంటే నేనూ నా గదులూ ఎక్కడివాళ్ళం అక్కడే. మెచ్చుకోకపోతే అక్టోబరులో అక్కా నేనూ గిన్నెలూ కుంచెలూ వీధిలో.

చిక్కేమిటంటే మీ ఓడని నేను చూడలేదు. కంపెనీ దాన్ని కొన్నప్పటి నుంచీ ఈ రేవు ముఖం చూడలేదు. వచ్చినా నేనెక్కేవాణ్ణి కాదని మీకు తెలుసు. గట్టుకి కట్టేసిన పడవలో అడుగు పెట్టినా పొద్దున తిన్నది బయటికొచ్చేస్తుంది. పైగా సమావేశానికి మీ కెప్టెన్ వస్తున్నారు. ఆయన వేరే ఓడ మీద ఉన్నప్పుడు నా తొమ్మిదో బొమ్మ చూసి, "ఒక తాడు తక్కువేశావు. ఇది నిజం ఓడైతే ఈ స్తంభం ఈపాటికి నీ నెత్తిన పడేది" అన్న మనిషి. అన్నాక నేను నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాను.

కాబట్టి బావగారూ, మీరే నా కళ్ళు. పొగగొట్టం ఏ రంగు, తాళ్ళెన్ని, స్తంభాలెక్కడెక్కడ, నీళ్ళపైన ఓడ అడుగు ఎర్రరంగు ఎంత కనిపిస్తుంది, అన్నీ రాయండి. మీ కంటికి ఏది కనిపిస్తే అది. నేను అచ్చం అలాగే వేస్తాను.

మీ బావమరిది.

(అక్క రాస్తున్నాను: ఏమండీ, వాడికి కావలసినవి రాయండి. నాకు మాత్రం తుపానుల గురించి రాయకండి. వరసగా ఎనిమిది ఉత్తరాల్లో ఎనిమిది తుపానులు. ఒక్కరోజైనా ఎండ కాయదా మీ సముద్రంలో?)

•

ఓడ వంటగది,
జూన్ మొదటి వారం.

ఒరేయ్ బావమరిదీ,

ముందే చెబుతున్నా, ఈ ఉత్తరం మీ అక్కకి చూపించకు. ఎందుకని అడక్కు.

ఇక విను. రంగులంటే నాకు వంటింటివే తెలుసు. పొగగొట్టం పాలు మాడిన గిన్నె అడుగు రంగు, పైన మూడు వేళ్ళ మందాన నలుపు. ఓడ పక్కలు నల్లగా ఉంటాయి గానీ నువ్వు కాటుక నలుపు వేసేవు, అది కాదు. వేయించేటప్పుడు ఒక్క నిమిషం ఏమరుపాటుతో పోయిన వంకాయ ముక్క నలుపు. గదుల గోడలు ఉడికిన గుడ్డు తెలుపు, కిటికీల చుట్టూ మాత్రం ఆ గుడ్డు పచ్చసొన.

తాళ్ళు మొదటిసారి లెక్కపెడితే అరవై అయిదొచ్చాయి. రెండోసారి అరవై నాలుగు. ఆ ఒక్కటీ బట్టలారేసేదని తర్వాత తెలిసింది. స్తంభాలు రెండు. ముందుది బోడిగా ఉంటుంది. వెనకదాని మీద పచ్చగా ఏదో పాకి ఉంటుంది, అది వెయ్యకు, ఏమిటని అడక్కు.

నువ్వడిగిన ఎర్రరంగు నేనే స్వయంగా కొలిచాను. తాడు చివర గరిటె కట్టి కిందికి వదిలాను. నీళ్ళ నుంచి నలుపు మొదలయ్యేదాకా సరిగ్గా రెండు బారలు. పండిన టమాటా ఎరుపు కాదు, ఎండిన మిరపకాయ ఎరుపు. రెండు బారలంటే మళ్ళీ సందేహపడతావేమో, మూడుసార్లు కొలిచాను. మూడోసారి గరిటె పోయింది. దాని బదులు నాకో గరిటె కొని పెట్టు.

పొగ సన్నగా, నిటారుగా లేస్తుంది. అది నా వంటగది గొట్టానిది. పెద్ద గొట్టం పొగ సంగతి ఇంకోసారి రాస్తాను. చప్పుడు బొమ్మలో కనిపించదు గానీ నీకు తెలియడం కోసం: పొద్దున్నే కోళ్ళు కూస్తాయి. కోళ్ళు అని రాసి కొట్టేశాను, సముద్రపు పక్షులని చదువుకో.

అక్కతో చెప్పు, నిన్న కూడా పెద్ద తుపాను.

బావ.

•

తాళ్ళ గోదాము పైగది,
జూన్ ఆఖరు.

బావగారికి,

మీరు చెప్పినట్టే ఉత్తరం అక్కకి చూపించలేదు. రంగుల డబ్బా అడుగున దాచాను. అయినా అక్కకి అంతా తెలిసిపోయింది. నేను నోరు విప్పలేదు, ఒట్టు.

జరిగింది చెబుతాను. మీ కొలతలన్నీ వేసుకుని ఐదు మూరల కేన్వాసు మీద ఓడని గీశాను. గీతల్లో బాగానే ఉంది. ఎరుపు పూసేసరికి ఓడ సముద్రంలో ఉన్నట్టు లేదు, సముద్రం మీద ఎవరో పెట్టి వెళ్ళినట్టుంది. నేను కొలత తప్పేమోనని మళ్ళీ మళ్ళీ చూసుకుంటున్నాను. అక్క నీళ్ళ బిందెతో వెనక నుంచి వెళుతూ ఆగింది.

"ఇదేం ఓడరా?"

"బావగారి ఓడ."

"ఖాళీ బిందె తేలినట్టు తేలుతోందేం? ఇందులో సరుకేం లేదు కదా!"

బావగారూ, ఇరవై రెండేళ్ళుగా ఓడల బొమ్మలు వేస్తున్నవాణ్ణి నేను. సరుకెక్కితే ఓడ దిగుతుంది, ఎరుపు మునుగుతుంది, ఇది నాకు తెలియంది కాదు. కానీ ఇన్నేళ్ళలో యజమాని గారు ఒక్కసారి కూడా నన్ను ఎరుపు వెయ్యనివ్వలేదు. ఎరుపు వాడకం మర్చిపోయి, మీరు రాశారు కదా అని పూసేశాను. అక్క బిందె దించి లోపలికెళ్ళి మీ పాత ఉత్తరాల కట్ట తెచ్చింది. కవర్లన్నీ నేల మీద పరిచింది, మొన్న నేను చింపి పారేసిన కవరుతో సహా. తొమ్మిది తుపానులు, తొమ్మిదింటి మీదా ఒకే పోస్టాఫీసు ముద్ర.

"నీ బావ తిరుగుతున్న సముద్రమంతా ఒకే ఊళ్ళో ఉందేంరా?" అంది. తర్వాత వంటగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ గది మామూలుగానే చీకటి, తలుపేసుకుంటే మరీనూ.

అక్కడేం జరుగుతోందో నిజం చెప్పండి. వెనక స్తంభం మీద ఏం పాకింది? ఆ పక్షులేమిటి?

మీ బావమరిది.

•

ఓడ డెక్కు, నీడ ఉన్నవైపు,
జూలై రెండో వారం.

ఒరేయ్,

దాచి లాభం లేదు. సొరపాదు. వెనక స్తంభం మీద పాకింది సొరపాదు. పక్షులు కోళ్ళే, పదిహేడు.

ఫిబ్రవరి నుంచి మేం ఒక నది మూతి దగ్గర లంగరేసి ఉన్నాం. సరుకు దింపాం, మళ్ళీ ఎక్కించడానికి ఏమీ రాలేదు. ఖాళీ ఓడని ఇంటికి రప్పించడానికి బొగ్గు తగలెయ్యడం ఎందుకని కంపెనీ ఇక్కడే ఉండమంది. సముద్రం అద్దంలా ఉంది. తుపాను మాట దేవుడెరుగు, నా పొయ్యి ఊదుకోవడానికి కూడా గాలి లేదు.

మొదట అందరం గోళ్ళు కొరుక్కున్నాం. గోళ్ళు అయిపోయాక తలా ఒక పని పెట్టుకున్నాం. ఇంజను మేస్త్రీ ఆయిలు చేతులు కడుక్కుని మేజోళ్ళు అల్లుతున్నాడు. ఇప్పటికి నలభై ఒకటి ఉన్నాయి. బేసిగా ఎందుకొచ్చిందంటే ఒకటి కోడి ఎత్తుకుపోయింది. కెప్టెన్ గారు చిక్కుడు గింజలు నాటారు. తీగ ఓడ తిప్పే చక్రం మీదికెక్కింది. ఇప్పుడు ఆ చక్రం దగ్గరికి ఎవరెళ్ళినా, "తిప్పకండి, పూతలో ఉంది!" అని అరుస్తారు.

నువ్వు మాత్రం ఇదేదీ వెయ్యకురా, నీకు పుణ్యముంటుంది. యజమాని గారి నుంచి కెప్టెన్ కి, కెప్టెన్ నుంచి మాకు గట్టి ఆర్డరుంది. ఓడ ఖాళీగా పడి ఉందని తెలిస్తే కంపెనీ పరువు పోతుందట, ఏ షావుకారూ దగ్గరికి రాడట, అప్పుడు మా ఓడని ఇనప ముక్కల కింద అమ్మేస్తారట. ఎరుపంతా నీళ్ళలో ముంచెయ్. పెద్ద గొట్టం నుంచి ఎంత పొగ కావాలంటే అంత వదిలెయ్. నీ గదులు నిలుస్తాయి, నా ఓడా నిలుస్తుంది.

అక్క ఏమందో రాయి. కోపంగా ఉందా? ఏం వండుతోంది? వండినదాంట్లో ఉప్పు ఎక్కువేస్తోందా? ఉప్పు ఎక్కువైతే కోపం తగ్గలేదని అర్థం.

బావ.

•

తాళ్ళ గోదాము పైగది,
ఆగస్టు మొదటి వారం.

బావగారికి,

ఉప్పు మొదటి రెండు రోజులు ఎక్కువైంది. మూడో రోజు అసలు వెయ్యలేదు. దానికేమిటి అర్థం? నాలుగో రోజు, "పదిహేడు కోళ్ళంటే రోజుకెన్ని గుడ్లురా?" అని అడిగింది. లెక్క చెప్పాను. "బాగానే తింటున్నారన్నమాట" అంది.

మీరు చెప్పినట్టే చేశాను. ఎరుపంతా ముంచేశాను. రెండు మూరల పొగ వదిలాను. యజమాని గారు మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరేదాకా చూసి, "భేష్! ఇంకొంచెం" అన్నారు. ఇంకొంచెం వేశాను. ఆయన సంతోషంగా దిగి వెళ్ళారు. అక్కడితో కథ సుఖంగా ముగిసిపోవలసింది.

మర్నాడు మేనల్లుడు హాల్లో నన్ను పిలిచాడు. నా బొమ్మలు పదకొండూ గోడలమీంచి దింపి, వరసగా నేలమీద నిలబెట్టి ఉన్నాయి. కింద ఓడల పేర్లున్న రేకులకి కాగితాలు అంటించాడు.

"ఇందులో మూడోది ఏది? ఏడోది ఏది? చెప్పండి చూద్దాం" అన్నాడు.

బావగారూ, నేను చెప్పలేకపోయాను. నా చేత్తో వేసినవి. వరస చివరిదాకా నడిచి వెళ్ళాను, వెనక్కి వచ్చాను. ఒకే ఓడ, ఒకే పొగ. షావుకారు మంట అనుకున్న బొమ్మ ఒక్కటి గుర్తుపట్టాను. అతను నవ్వలేదు, నవ్వినా బాగుండేది. "నాకు మీమీద కోపం లేదండీ. కెమెరా ఉన్నదే చూపిస్తుంది, అదొక్కటే నా బాధ" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ రోజంతా కుర్చీలో కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళూ ఒకటే బొమ్మ వేశానా అనిపించింది, ఏడుపొచ్చింది. నేను వేసినవాటిలో చూడగానే ఇది ఫలానా ఓడ అని తెలిసేది ఒక్కటే ఉంది. మీ గరిటె కొలతలతో గీసింది. దాన్నే నేను పొగ కింద పూడ్చిపెట్టాను.

అందుకని నిర్ణయించుకున్నాను. ఆ పొగ మీద ఆకాశం వేస్తాను. ఎరుపు రెండు బారలూ పైకి తీస్తాను. సొరపాదు వేస్తాను, కోళ్ళు వేస్తాను. గదులు పోతే పోనీ, పోయేది నా బొమ్మ చూసి పోవాలి. యజమాని గారికి చెప్పను. అక్కకి చెప్పాను. "సామాన్లు సర్దడం మొదలుపెట్టనా?" అంది. "పెట్టు" అన్నాను. "మరి కుంచెలు బయటే ఉంచుతాలే" అంది.

ఆరేసిన బట్టలు ఎవరివి ఎక్కడ ఉంటాయి? కోళ్ళ రంగులేమిటి? చిక్కుడు తీగ ఎంత ఎత్తుంది? వెంటనే రాయండి.

మీ బావమరిది.

•

ఓడ వంటగది,
ఆగస్టు ఆఖరు.

వద్దురా బాబూ!

నీకేమైనా మతి పోయిందా? కెప్టెన్ నన్ను చిక్కుళ్ళతో కలిపి ఉడకబెడతారు. మా ఓడని అమ్మేస్తే ఇరవై ఆరుగురం రోడ్డున పడతాం. నువ్వూ అక్కా ఇప్పటికే రోడ్డున ఉంటారు కాబట్టి అందరం అక్కడే కలుసుకుంటాం, అంతేగా! నీళ్ళు పోసి కడిగెయ్. నూనె రంగులు నీళ్ళకి పోవంటావా, సబ్బు వాడు.

పోనీ మొత్తం తీసెయ్యలేకపోతే కోళ్ళనైనా తీసెయ్. నీ కాళ్ళు పట్టుకుంటా.

చిక్కుడు పూలు ఊదారంగు. తెలుపు వేసేవు, ఇక్కడ ఉన్నవి ఊదావి. తీగ కెప్టెన్ గారి భుజం దాటింది. బట్టల తాడు మీద ముందునుంచి వరసగా మేస్త్రీ చారల చొక్కా, నా ఏప్రన్లు మూడు (ఒకటి చిరిగింది), తర్వాత ఎవరూ తమదని ఒప్పుకోని ఒక గళ్ళ లుంగీ. కోళ్ళు పది ఎర్రవి, ఆరు తెల్లవి. ఒక్కటి నల్లది, ఎప్పుడూ లంగరు గొలుసు మీదే కూర్చుంటుంది, మేజోడు దొంగ అదే. ఇవన్నీ వెయ్యమని రాయడం లేదు. వేస్తే తప్పుగా వెయ్యకూడదు కదా అని రాస్తున్నాను.

కెప్టెన్ గారు రేపు టపా పడవెక్కి మీ సమావేశానికి బయలుదేరుతున్నారు. యజమాని గారికి కానుకగా గుడ్లు తీసుకెళుతున్నారు. ఆయనకి నీ సంగతి చెబుదామని రెండుసార్లు తలుపు దాకా వెళ్ళాను. రెండుసార్లూ తీగకి నీళ్ళు పోస్తూ ఎంత సంతోషంగా ఉన్నారంటే నోరు రాలేదు.

దేవుడా. కోళ్ళనైనా తీసెయ్ రా.

బావ.

•

తాళ్ళ గోదాము పైగది,
అక్టోబరు ఒకటి.

బావగారికి,

కోళ్ళు తియ్యలేదు. నల్లదాన్ని గొలుసు మీదే కూర్చోబెట్టాను.

నిన్న సమావేశం జరిగింది. హాలు కిటకిటలాడింది. వాటాదారులు ముందు, సరుకు షావుకార్లు వెనక, గోడవార అక్కలాంటి, కంపెనీ ఉద్యోగుల ఇంటివాళ్ళు. మీ కెప్టెన్ గుడ్ల బుట్ట ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో ఉన్నారు. యజమాని గారు మైకు ముందు గొంతు సవరించుకుని, "మన వ్యాపారం ఎంత జోరుగా ఉందో ఈ బొమ్మే చెబుతుంది" అని గుడ్డ లాగారు.

చెప్పింది. బొమ్మ మొత్తం చెప్పింది.

వెనక నుంచి ఎవరో, "అవి కోళ్ళా?" అన్నారు.

యజమాని గారు బొమ్మ వైపు తిరిగారు. నెత్తురు చుక్క లేని ముఖంతో, "పొగ ఏదయ్యా?" అన్నారు.

"ఉందండీ. వంటగది గొట్టం దగ్గర చూడండి" అన్నాను.

"ఇది ఏ ఓడ? మన ఓడలు ఇలా ఉండవు! కెప్టెన్, మీరు చెప్పండి. ఇదంతా కల్పన అని చెప్పండి!"

మీ కెప్టెన్ బుట్ట పక్కవాళ్ళ ఒళ్ళో పెట్టి లేచారు. కళ్ళజోడు పెట్టుకుని బొమ్మకి ముక్కు ఆనించి, వేలితో ఒక్కో తాడూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. హాలంతా ఆయన వేలు ఎటు వెళితే అటు తల తిప్పుతోంది. నేను తొమ్మిదో బొమ్మ గుర్తొచ్చి స్తంభానికి దూరంగా జరిగాను.

"అరవై నాలుగు" అన్నారు చివరికి. "బట్టలదానితో అరవై అయిదు. సరిపోయింది." ఇంకా దగ్గరికి వంగారు. "చొక్కా చారలు సరే. లుంగీ సరే. ఎరుపు రెండు బారలు, సరే. ఒక్క తప్పూ లేదు! నా చిక్కుడు పూలు కూడా ఊదారంగే వేశాడు!" అని గర్వంగా జనం వైపు తిరిగారు. అప్పుడు గానీ ఆయనకి తానేమన్నారో తెలియలేదు.

యజమాని గారు కుర్చీలో కూలబడ్డారు. వాటాదారులు ఒకళ్ళ మీద ఒకళ్ళు అరవడం మొదలుపెట్టారు. అక్క వైపు చూశాను. చేతిసంచీ గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. అయిపోయింది, ఇవాళే గదులు ఖాళీ చెయ్యమంటారని అనుకున్నాను.

అప్పుడు మూడో వరసలోంచి పొట్టిగా, గుండ్రంగా ఉన్న ఒక షావుకారు లేచాడు. "ఆ ఓడ ఖాళీగా ఉందా?" అన్నాడు.

యజమాని గారు గుమాస్తా వైపు, గుమాస్తా కెప్టెన్ వైపు చూశారు.

"మిమ్మల్నే అడిగేది. ఖాళీయా, కాదా?"

"ఫిబ్రవరి నుంచీ" అన్నారు కెప్టెన్ నేల చూపులు చూస్తూ.

"ఫిబ్రవరి నుంచా!" షావుకారు గొంతు హాలు పైకప్పుకి తగిలింది. "నేను మార్చిలో వచ్చాను, మేలో వచ్చాను, జూలైలో వచ్చాను. ఇదే హాల్లో కూర్చున్నాను. మీ గుమాస్తా గోడ చూపించి చూశారుగా ఎలా నిండిపోయాయో అన్నాడు. చూశాను! పీకలదాకా మునిగిన ఓడలు పదకొండు! ఇంక నా సరుకెక్కడ పెడతారని నోరు మూసుకుని వెళ్ళిపోయాను. స్నానాల తొట్లండీ! నాలుగు వేలు! ఫ్యాక్టరీలో నడవడానికి దారి లేదు. మా మేనేజరు ఒక తొట్లోనే కూర్చుని సంతకాలు పెడుతున్నాడు. నాకు ఖాళీ ఓడ కావాలయ్యా, ఖాళీది!"

ఇంకో మూల నుంచి, "నేను కూడా అలాగే వెళ్ళిపోయాను, కుర్చీలు" అన్నారు. ఇంకొకరు, "మావి మేకులు" అన్నారు. గుమాస్తా మెల్లగా తలుపు వైపు జరిగాడు. పరువు కోసం వేయించిన పొగ చూసి బేరాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాయని ఆ హాల్లో అందరికీ ఒకేసారి అర్థమైంది.

అందరికంటే త్వరగా కోలుకున్నది యజమాని గారు. లేచి, కోటు సరిచేసుకుని, "అందుకేనండీ ఈసారి ఖాళీగా కనిపించేలా ప్రత్యేకంగా వేయించాను!" అన్నారు. నేను నోరెళ్ళబెట్టాను. చప్పట్లు మోగాయి.

ఓడని వెంటనే ఈ రేవుకి రమ్మని కబురు పంపారు, తొట్లు ఇక్కడే ఎక్కించాలి. మిగతా పదకొండు ఓడలూ మళ్ళీ వెయ్యమన్నారు, ఏది ఎంత ఖాళీగా ఉందో కనిపించేలా. గదులు మనవే, నా చేతిలో కుంచె ఉన్నన్నాళ్ళూ. మేనల్లుడికి మెట్ల కింద గది ఇచ్చారు. అక్కడ కూడా ఏమీ కనపడదట, సంబరంగా ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని, "ఇది ఏ ఓడో చూడగానే తెలిసిందండీ" అన్నాడు. చప్పట్లకంటే ఆ మాట నాకు ఎక్కువ.

ఒక సంగతి మీకు చెప్పలేదు. వంటగది గుమ్మంలో ఉల్లిపాయలు తరుగుతూ మిమ్మల్ని వేశాను, బొటనవేలి గోరంత. జనమంతా తొట్ల షావుకారు చుట్టూ మూగితే అక్క వాళ్ళని తోసుకుంటూ వచ్చి ఆ మూల నిలబడింది. చాలాసేపు నిలబడింది.

"చిక్కిపోయార్రా" అంది.

గోరంత మనిషిలో అదెలా కనిపించిందో నాకు తెలియదు. నేను మామూలు పొట్టే వేశాను.

మీ బావమరిది.

•

ఓడ డెక్కు,
అక్టోబరు రెండో వారం.

ఈసారి నీకే,

నీ తమ్ముడి ఉత్తరం తెచ్చిన టపా పడవలోనే కెప్టెన్ గారూ తిరిగొచ్చారు, ఈ పొద్దున లంగరు తీశారు. నది మూతి దాటేదాకా దారి చూపించడానికొచ్చిన పడవ వెనక్కి వెళుతూ ఉత్తరాలు తీసుకెళతానంది. అందుకే గబగబా రాస్తున్నాను.

నీ తమ్ముడు చేసిన పని చదివి మూడుసార్లు తిట్టాను, నాలుగోసారి ఏడ్చాను. ఉన్న గూడు పోతుందని తెలిసీ వాడు నిజం బొమ్మ గోడకి పెట్టాడు. నాకు ఏ గూడూ పోదు, అయినా ఎనిమిది నెలలు నీకు నిజం రాయలేకపోయాను. కెప్టెన్ ఆర్డరని వాడికి రాశాను గానీ, ఆర్డరు షావుకార్ల గురించి, పెళ్ళాల గురించి కాదు. నాకు సిగ్గేసింది. అంత దూరం వెళ్ళి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కోళ్ళ వెనక తిరుగుతున్నానని నీకెలా రాయను? పనిలో నలిగిపోతున్న మొగుడి మీద నీకు జాలి ఉంటుంది, ఊరికే కూర్చున్నవాడి మీద ఉండదేమోనని భయపడ్డాను. రోజూ నువ్వు గుర్తొచ్చావు. అది రాయడానికి కూడా ధైర్యం లేక తుపానులు రాశాను.

నువ్వు నన్ను ఎంత తిట్టినా వింటాను. మధ్యలో మాట్లాడను.

పెద్ద గొట్టం పొగ వదిలేసరికి అందరికీ తుమ్ములొచ్చాయి. చక్రం తిప్పక తప్పలేదు. కెప్టెన్ గారు కళ్ళు మూసుకుని, "కానివ్వండి" అన్నారు. ఇంకో పదకొండు రోజుల్లో మీ రేవులో ఉంటాం. రేవు చేరిన రోజు వంటవాడు అందరికంటే ఆఖర్న దిగాలని ఓడలో రివాజు, అందరికీ మధ్యాహ్నం భోజనం పెట్టి, గిన్నెలు కడిగించి, అప్పుడు దిగాలి. ఆ రోజు నేను పొద్దున్నే మొత్తం వండేసి మూతలు పెట్టేస్తాను. చల్లారితే చల్లారనీ, ఇరవై ఐదుగురూ చల్లటి కూడే తింటారు. ముందు నేను దిగుతాను.